భువనేశ్వర్ ‘ప్రాచీన కళింగ’ ఒక్కరోజు టూర్: గైడ్‌కి నాలుగు స్టార్లు, కరపత్రానికి ఒకటి

ముందే చెప్పేస్తాను, డబ్బులు దండగ కాలేదు. రాళ్ళు, గుహలు చూడాలనుకునేవాళ్ళు నిక్షేపంగా వెళ్ళొచ్చు. కానీ కళింగ అనే పేరు ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది అని తెలుసుకోవడానికి వెళితే మాత్రం సగం కథే చేతికొస్తుంది. మిగతా సగం మా శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఈ టూర్ వాళ్ళకి ఇచ్ఛాపురం ఇవతల లోకమే లేదు.

మేం పలాసవాళ్ళం. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. మా మావయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయనకి శాసనాల పిచ్చి. శ్రీముఖలింగం వెళితే దండం పెట్టుకున్నాక అందరూ ప్రసాదం దగ్గరికి పోతారు, ఈయన గోడల దగ్గరికి పోతారు. ఆయన కోసమే ఈ టూర్ బుక్ చేశాం. ఆయన, మావారు, ఇంటర్ చదివే మా అబ్బాయి, నేను. కారు, గైడు, మధ్యాహ్న భోజనం కలిపి నలుగురికి 6,500 రూపాయలు. ప్రవేశ టికెట్లు మన ఖర్చే. సగం డబ్బు ముందే కట్టించుకున్నారు. కంపెనీ పేరు ఇక్కడ పెట్టడం లేదు, ఒకళ్ళ పరువు తీయడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి టూర్ ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ఏం అడగాలో మీకు తెలిస్తే చాలు.

కారు స్టేషన్‌కి ఆలస్యంగా వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘ఫ్లైఓవర్ దగ్గరున్నాం’ అన్నారు. ఆ ఊళ్ళో ఎన్ని ఫ్లైఓవర్లున్నాయో ఏమో. వచ్చాక మాత్రం బండి శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, డ్రైవర్ ఫోన్ ముట్టుకోలేదు. గైడ్ బరంపురం కుర్రాడు. చక్కగా తెలుగు మాట్లాడాడు. మాటకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ‘అవునా కాదా’ అంటాడు, అంతే. మా మావయ్యగారిని చూడగానే ‘మౌసా’ అని వరస కలిపేశాడు. ఆయన అక్కడే సగం కరిగిపోయారు.

మొదట భువనేశ్వర్ పక్కనే గుహల కొండ ఉదయగిరి. ఈ టూర్‌కి పెట్టిన డబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే రాబట్టుకున్నాం. మామూలుగా జనం రాణీగుంఫా అనే గుహ ముందు ఫొటోలు దిగి కిందికి వచ్చేస్తారు. ఈ కుర్రాడు మమ్మల్ని శాసనం ఉన్న హాథీగుంఫా గుహ ముందు నిలబెట్టి బ్యాగులోంచి ఒక చుట్ట తీసి పరిచాడు. శాసనం అచ్చుని పెద్దదిగా ప్రింట్ చేయించిన ఫ్లెక్సీ అది. ఎందుకంటే అసలు శాసనం గుహ నుదుటి మీద ఎత్తులో ఉంటుంది. 17 పంక్తులు. చాలా అక్షరాలు అరిగిపోయాయి, కింద నుంచి చూస్తే రాతి మీద గీతలు తప్ప ఏం కనిపించవు. లేజర్ లైటుతో పైన చూపిస్తూ, కింద ఫ్లెక్సీ మీద అదే అక్షరం పట్టుకుని, మొదటి మాట చదివించాడు: ‘నమో అరహంతానం’. బ్రాహ్మీ అనే ఆ పాత లిపిలో ‘న’ అంటే ఒక అడ్డగీత, దాని మధ్యలోంచి పైకి ఒక నిలువు గీత. అంతే. మా అబ్బాయి అది పట్టేసి, పైన ఎక్కడెక్కడ ‘న’ ఉందో వెతకడం మొదలుపెట్టాడు. సెల్ లేకుండా వాడు అంతసేపు నిలబడటం నేను చూసి చాలాకాలమైంది.

ఈ శాసనం కళింగ రాజు ఖారవేలుడిది. తనని తాను ‘కలింగాధిపతి’ అని చెప్పుకున్నాడు. ఏ ఏడు ఏం చేశాడో వరసగా రాయించాడు. రెండో ఏట శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యాన్ని పంపడం, నందరాజు తవ్వించిన కాలవని ఊళ్ళోకి పొడిగించడం, మగధవాళ్ళు ఎత్తుకుపోయిన కళింగ జినుడి విగ్రహాన్ని వెనక్కి తేవడం అన్నీ ఉన్నాయి. నాకు మాత్రం గుర్తుండిపోయింది మొదటి ఏడు. పట్టం కట్టుకోగానే ఆయన చేసిన మొదటి పని, గాలివానకి దెబ్బతిన్న కళింగనగరి గోపురాలు, ప్రాకారాలు, ఇళ్ళు బాగుచేయించడం. చెరువుల గట్లు వేయించాడు, తోటలు మళ్ళీ నాటించాడు. 35 లక్షలు ఖర్చయిందని లెక్క కూడా రాయించాడు.

అది విని మావారు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా పలాస మీదుగానే పోయింది. కొబ్బరి తోటలు, జీడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేక ఫ్యాక్టరీలు మూతపడి, నష్టపరిహారం కాగితాల కోసం రైతులు తిరగడం కళ్ళారా చూశాం. రెండు వేల ఏళ్ళ కిందటి రాజు కూడా పగ్గాలు పట్టగానే తుపాను నష్టం లెక్క చూసుకున్నాడంటే, ఈ తీరం సంగతి తెలిసినవాళ్ళకి అది పుస్తకంలో చరిత్రలా అనిపించదు. గైడ్ ఈ విషయం ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాడు. మేమే ఆపి అడిగాం. అడిగితే చెప్పాడు, అది అతని మంచితనం.

ఎదురుగా ఉన్న ఖండగిరి కొండ ఎక్కలేదు. మావయ్యగారి మోకాళ్ళు ఒప్పుకోలేదు. చేతిలో తినేవి ఏవీ పెట్టుకుని వెళ్ళకండి, కోతులు మర్యాద పాటించవు.

తర్వాత స్టేట్ మ్యూజియం. సోమవారం మూసేస్తారు, చూసుకుని బుక్ చేసుకోండి. ఇక్కడ మాకిచ్చిన టైము చాలలేదు. తాళపత్రాల గది ఒక్కటే అరపూట చూడాల్సినంత ఉంది. మావయ్యగారు తామ్రశాసనాల దగ్గర ఆగిపోయారు. రేకులన్నిటికీ ఒక పక్క చిల్లు పెట్టి, రాగి కడియం గుచ్చి, కడియం కలిసినచోట రాజముద్ర వేస్తారు. ముఖలింగం రాజధానిగా ఏలిన గంగ రాజుల ముద్ర మీద కూర్చున్న నంది ఉంటుంది. ‘ఇది మన ముఖలింగం సరుకు’ అని ఆయన గైడ్‌కి చెప్పబోయారు. గైడ్ టైము చూసుకుంటున్నాడు.

భోజనం బాగుంది. అన్నం, దాల్మా, ఆకుకూర, టమాటా ఖట్టా, చివర్లో ఛెనాపోడ అనే విరిగిన పాల తీపి. మా ఇంట్లో కూరగాయలేసి వండే పప్పుకీ దాల్మాకీ పెద్ద తేడా ఏం లేదు, తాలింపు వేరు.

ఇక్కడి నుంచి టూర్ గాడి తప్పింది. భోజనమయ్యాక ‘ఐదు నిమిషాలు’ అని చెప్పి హస్తకళల షాపుకి తీసుకెళ్ళారు. కార్యక్రమంలో లేని షాపు. వెళ్ళాక తలుపు దగ్గరే నిలబడి చీరలు విప్పడం మొదలుపెట్టారు. చీరలు బాగానే ఉన్నాయి, ధరలు మాత్రం టూరిస్టు ధరలు. ముప్పావుగంట పోయింది. కమిషన్ సంగతి మనకి తెలియనిది కాదు, అందరూ బతకాలి. కానీ ఆ ముప్పావుగంట పాత కోట ఉన్న శిశుపాలగఢ్ నుంచి కోశారు, అదే నా బాధ.

ధౌలి అందరికీ తెలిసిందే. కొండమీద తెల్లటి శాంతిస్తూపం 1972లో జపాన్ బౌద్ధుల సాయంతో కట్టింది. అసలు చూడాల్సింది కొండ కిందుంది. రాతిలోంచి ఏనుగు ముందుభాగం బయటికి వస్తున్నట్టు చెక్కారు, దాని కింద బండ మీద అశోకుడి శాసనం. ఆ ఏనుగు దగ్గర నిలబడి మా గైడ్ గొంతు మార్చాడు. కళింగ యుద్ధంలో పక్కనే ఉన్న దయా నది రక్తంతో ఎర్రబడిందనీ, లక్షమంది చచ్చిపోయారనీ, అది చూసి అశోకుడు ఏడ్చాడనీ, ఆ సంగతంతా ‘ఇదిగో ఈ బండ మీదే’ రాయించాడనీ చెప్పాడు. చుట్టూ ఉన్న వేరే టూరిస్టులు కూడా చెవులొగ్గి విన్నారు.

ఆ బండ మీద ఆ సంగతి లేదు. లక్షమంది చచ్చారని, లక్షన్నరమందిని చెరబట్టారని చెప్పేది అశోకుడు చాలాచోట్ల వేయించిన శాసనాల వరసలో 13వ శిలాశాసనం. అది ధౌలిలో వేయించలేదు, గంజాం జిల్లా జౌగడలో కూడా వేయించలేదు. అంటే కళింగలో ఉన్న రెండు చోట్లా ఆ మాట కావాలనే వదిలేశారు. ఓడిపోయినవాళ్ళ ఊళ్ళో ఆ లెక్క చదివి వినిపించడం బాగోదని కాబోలు. కళింగ యుద్ధం గురించి అశోకుడి మాటలు తెలుగు నేల మీద చదవాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి పోవాలి, అక్కడ 13వ శాసనం ఉంది. ధౌలిలో దాని బదులు వేరే రెండు శాసనాలు వేయించాడు. అవి తోసలిలో ఉన్న అధికారులకి హెచ్చరికలు. మనుషులందరూ నా బిడ్డలే, కారణం లేకుండా ఎవరినీ జైల్లో పెట్టకండి, హింసించకండి, దీన్ని తిష్య నక్షత్రం రోజున జనానికి చదివి వినిపించండి అని. దయా నది ఒడ్డున యుద్ధం జరిగిందని కూడా ఏ శాసనమూ చెప్పదు, అది జనం చెప్పుకునే మాట.

మావయ్యగారు ఇదంతా మెల్లగా, కుర్రాడు చిన్నబుచ్చుకోకుండా, పక్కకి పిలిచి చెప్పారు. అతను విన్నాడు. ‘మాకు ట్రైనింగ్‌లో ఇలాగే చెప్పారు మౌసా’ అన్నాడు. మరి తప్పు ఎవరిదో మీరే ఆలోచించుకోండి. లోపల నిజంగా ఉన్నదే గొప్పగా ఉంటే దాన్ని వదిలి సినిమా కథ చెప్పడం దేనికో నాకు అర్థం కాలేదు. గెలిచిన రాజు తన అధికారులని ‘జనాన్ని పీడించకండి’ అని బండ మీద చెక్కించి మందలించడం చిన్న విషయమా?

పై మాటల్లో ‘తోసలి’ అన్నాను చూశారా, ఈ ప్రాంతానికి అదీ ఒక పేరే. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. కారెక్కగానే మాకు ఒక రంగుల కరపత్రం ఇచ్చారు. మంచి దళసరి కాగితం, మంచి ఫొటోలు. మధ్య పేజీలో బాణం గుర్తులతో ఒక వరస: కళింగ, తర్వాత ఉత్కళ, తర్వాత ఓడ్ర, తర్వాత ఒరిస్సా, చివర ఒడిశా. చూస్తే ఒకే ఊరు గెజిట్‌లో పేరు మార్చుకుంటూ వచ్చినట్టుంటుంది. అలా జరగలేదు. ఆ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి రాలేదు, ఒకే కాలంలో పక్కపక్కనే ఉన్నాయి, పైగా ఒక్కో పేరు ఒక్కోసారి ఒక్కోచోటికి జరిగింది.

కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు దండయాత్ర చూడండి. ఉత్కళులు దారి చూపిస్తే కళింగ వైపు వెళ్ళాడని ఉంది. అంటే రెండూ వేరు వేరు దేశాలు. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ముందు ఓడ్ర చూశాడు, అక్కడి నుంచి నైరుతికి నడిచి కొంగోద చూశాడు, ఇంకా నైరుతికి అడవులు దాటి కళింగ చేరాడు. చిలక సరస్సు, గంజాం వైపుది కొంగోద. దానికీ ఇవతల కళింగ అంటే ఇక మిగిలింది మన వంశధార వైపే కదా. పడమట సంబల్పూర్ వైపు దక్షిణ కోసల. ఆ తర్వాత భౌమకర రాజులు తమ దేశాన్ని ఉత్తర తోసలి, దక్షిణ తోసలి అని చెప్పుకున్నారు. ఢిల్లీ సుల్తానుల చరిత్రకారులైతే వీటిలో ఏదీ వాడకుండా జాజ్‌నగర్ అన్నారు. ఇన్ని పేర్లని నాలుగు బాణాల్లో ఇరికిస్తే ఎలా?

ఖారవేలుడి కాలంలో కళింగ అంటే ఈ భువనేశ్వర్ పరిసరాలు. ఆయన బాగుచేయించిన కళింగనగరి శిశుపాలగఢే అని చాలామంది పండితుల మాట. ఎండ దిగిపోయాక అక్కడికి చేరాం. 1948లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ తవ్వకాలు జరిపిన చోటు. చదరపు కోట, ఒక్కో వైపు రెండు చొప్పున ఎనిమిది ద్వారాలు. ఇప్పుడు మట్టిగట్టు, గడ్డి, మధ్యలో కొన్ని రాతి స్తంభాలు, గట్టుకి ఆనుకుని కొత్త ఇళ్ళు. బోర్డు తప్ప చూసేందుకేం లేదనిపిస్తుంది. గైడ్ కూడా కారు దిగకుండానే ‘ఇదే’ అన్నాడు. మేం దిగాం. గట్టు మీద నిలబడితే కోట ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. కనీసం గంట ఉండాల్సిన చోట పదిహేను నిమిషాలు ఉన్నాం. చీరల షాపు గుర్తుకొచ్చి ఒళ్ళు మండింది.

మరి కళింగనగరం అనే పేరు ఆ తర్వాత ఏమైంది? దక్షిణానికి జరిగి ముఖలింగం వచ్చింది. తూర్పు గంగరాజులు తమ రాజధానిని కళింగనగరం అనే రాసుకున్నారు. అది వంశధార ఒడ్డున మన శ్రీముఖలింగమే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుళ్ళలో శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నవాడు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టింది ముఖలింగం పక్కనే పర్వతాలపేటలో. ఈ కళింగనగరంలోనే 1078లో పట్టాభిషేకం చేసుకున్న గంగరాజు అనంతవర్మ చోడగంగు ఉత్తరానికి దండెత్తి ఉత్కళని కలుపుకున్నాడు, రాజధానిని కటకానికి (ఇప్పటి కటక్) మార్చాడంటారు, పూరీ జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టాడు. అంటే ఇవాళ ఒడిశా గర్వంగా చెప్పుకునే గుడికి పునాది వేసిన రాజు ముఖలింగం ఉన్న మన జలుమూరు మండలం నుంచి వెళ్ళాడు. కరపత్రంలో చోడగంగు పేరు ఫొటో అంత పెద్దదిగా ఉంది, ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో మాత్రం లేదు.

నేను ఇదేదో తెలుగు-ఒడియా పోటీ పెట్టి రాయడం లేదు. ఆ రోజుల్లో ఈ రాష్ట్రాల సరిహద్దు గీతలే లేవు. గీతలు వచ్చింది మొన్న మొన్న. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో చాలా భాగం, కోరాపుట్, పర్లాకిమిడి పట్నం అటు వెళ్ళాయి. పర్లాకిమిడిలో జీవితమంతా గడిపిన గిడుగువారు అప్పుడే అది వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. శ్రీకాకుళం ఇటు విశాఖ జిల్లాలో కలిసి, 1950లో విడిగా జిల్లా అయింది. ఆ ఊరికీ పేర్ల గోల తప్పలేదు. ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అన్నారు. ఇప్పటి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ పేరు ఒకప్పుడు చికాకోల్ రోడ్, మావయ్యగారు పాత రైల్వే కాగితాల్లో చూశారట. ఇక ఒరిస్సా ఒడిశాగా మారింది 2011 నవంబర్ 1న. అది మన ఆంధ్రప్రదేశ్ అవతరణ తేదీ కూడా కావడం మావారు కనిపెట్టారు. కళింగ పేరు మాత్రం ఏ రాష్ట్రానికీ దక్కలేదు. అటు స్టేడియాలకీ కాలేజీలకీ పెట్టుకున్నారు, ఇటు కళింగపట్నంలో, కాళింగుల కులం పేరులో, కళింగాంధ్ర అనే మాటలో మిగిలింది.

ఇదంతా ఒక్కరోజు టూర్‌లో చెప్పలేరని నాకూ తెలుసు. కానీ బాణాల బదులు ఒక పటం వేసి, ఏ కాలంలో ఏ పేరు ఎక్కడుందో రంగులు పూస్తే ఆ మధ్య పేజీ సరిపోతుంది. సాయంత్రం స్టేషన్‌లో దింపాక వాళ్ళ మేనేజర్ ఫోన్ చేసి ‘ఫీడ్‌బ్యాక్ చెప్పండి మేడమ్’ అంటే ఇదే చెప్పాను. ముఖలింగం, మా జిల్లాలోనే ఉన్న పాత చోట్లు శాలిహుండం, దంతపురి కలిపి రెండు రోజుల టూర్ పెట్టమని కూడా అడిగాను. ఆంధ్రాలోకి టాక్సీ వస్తే పర్మిట్ టాక్స్ అదనంగా పడుతుందట, ఒడియా టూరిస్టులు అటు అడగరట. ‘మీరు చూపిస్తే కదా అడుగుతారు’ అన్నాను. నవ్వాడు. షాపు సంగతి ఎత్తితే మాత్రం లైన్ సరిగ్గా వినిపించలేదు.

వెళ్ళేవాళ్ళకి నా మాట: బుక్ చేసేటప్పుడే షాపులు వద్దని చెప్పి వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. తెలుగు తెలిసిన గైడ్ కావాలని అడగండి, బరంపురంవాళ్ళు దొరుకుతారు. హాథీగుంఫా దగ్గర ఆ ఫ్లెక్సీ ఉందో లేదో అడగండి, లేకపోతే సగం డబ్బు వేస్టు. శిశుపాలగఢ్ ధౌలికి ముందు పెట్టించుకోండి. పిల్లలు ఎనిమిదో తరగతి దాటినవాళ్ళయితేనే తీసుకెళ్ళండి, చిన్నవాళ్ళు విసిగిపోతారు. ముఖలింగానికి మాత్రం ఎవరి టూరూ అక్కర్లేదు. ఆమదాలవలసలో దిగి ఆటో మాట్లాడుకుంటే చాలు.